వేళ్లకు అందని గాడి

నోరు చిన్నగా, కడుపు పెద్దగా ఉన్న కుండ ఒకటి మీ ముందు పెట్టారనుకోండి. లోపల దాని కడుపు వెడల్పు ఎంతో మిల్లీమీటర్లలో చెప్పమన్నారు. కుండ పగలగొట్టకూడదు. స్కేలు లోపలికి పోతుంది గానీ అడ్డంగా తిరగదు. కాలిపర్ లాంటిదేదో లోపల పెట్టి కాళ్లు విప్పొచ్చు. కానీ దాన్ని ఆ చిన్న నోట్లోంచి బయటికి తీయాలంటే మళ్లీ మూయాలి. మూశామా, కొలత పోయింది.

నీళ్లు పోసి చూస్తే సరి అంటారు కొందరు. నీళ్లతో ఎన్ని లీటర్లు పడుతుందో తెలుస్తుంది, ఆకారం తెలియదు. మరి నీళ్లకు బదులు గడ్డకట్టేది ఏదైనా పోసి, గట్టిపడ్డాక దాన్ని బయటికి లాగి కొలిస్తే? లోపలి ఆకారం మొత్తం బయటికొచ్చి మన అరచేతిలో కూర్చుంటుంది. అప్పుడు దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పి కొలుచుకోవచ్చు.

ఇదేం కొత్త తెలివి కాదు. పాత సినిమాల్లో దొంగ ఇనప్పెట్టె తాళంచెవిని సబ్బుబిళ్ల మీద నొక్కి ముద్ర తీసుకునేవాడు, గుర్తుందా? అదే. తాళంచెవి పళ్లను వెర్నియర్ పెట్టి కొలిచే టైం వాడికి లేదు, సబ్బు కొలుస్తుంది. జనగామ నుంచి హైదరాబాద్ వైపు వెళ్తే తగిలే పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తేల్చే పనివాళ్లు రేకు వెనక లక్క లాంటి పదార్థం ఆనిస్తారు. సుత్తి దెబ్బకు రేకు ఎంత లోపలికి పోతే ఆ మెత్తటిది అంత ఒంపు తిరుగుతుంది. పెంబర్తి లోహపు పనికి జీఐ గుర్తింపు ఉందని అందరికీ తెలుసు. ఆ లక్క గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. నాకైతే పనితనంలో సగం అందులోనే ఉందనిపిస్తుంది.

నేను చదివింది మెకానికల్, చేస్తున్నది సాఫ్ట్‌వేర్. నాలాంటి వాళ్లు మన దగ్గర ఎంతమందో లెక్కే లేదు కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. ఈ అచ్చుల గొడవలోకి నన్ను లాగింది మా మేనమామ. జనగామలో ఆయనకు లేత్ షాపు ఉంది. ముప్ఫై ఏళ్లు దాటింది. బోరు మోటార్ల షాఫ్టులు, ట్రాక్టర్ బుష్‌లు, రైస్ మిల్లు పుల్లీలు, ఏది అరిగినా అక్కడికొస్తుంది. కంపెనీ డ్రాయింగ్ అంటూ ఏదీ ఉండదు. పాత ముక్క తెచ్చి బల్ల మీద పెడతారు, ఇట్లాంటిదే ఇంకోటి చెయ్యమంటారు. అంతే ఆర్డర్.

పాత ముక్క బయటి కొలతలు పెద్ద కష్టం కాదు. వెర్నియర్, మైక్రోమీటర్ చాలు. రంధ్రానికి బోర్ డయల్ ఉంది. తంటా అంతా రంధ్రం లోపల కోసిన గాడితోనే. సీల్ కూర్చునే గాడి, సర్క్లిప్ గాడి, మూలల్లోని చిన్న గుండ్రం. ఇవన్నీ నోరు చిన్న, కడుపు పెద్ద వ్యవహారాలు. అలాంటి గాడులకు పొడవాటి సన్న కాళ్ల కాలిపర్లు దొరుకుతాయి. అవి వెడల్పు చెబుతాయి, ఆకారం చెప్పవు. ఫోన్‌తో స్కాన్ చేసేస్తే పోలా అని తమ్ముడి వరస కుర్రాడొకడు అడిగాడు. వెలుతురు తిన్నగా వెళ్తుంది గానీ మూల తిరిగి వెళ్లదు కదా. కెమెరాకు కనపడని చోటును ఏ యాపూ కొలవలేదు.

మామ ఇన్నేళ్లూ ఈ పనిని రెండు కాళ్ల ఇన్‌సైడ్ కాలిపర్‌తో, చేతి పట్టుతో లాక్కొచ్చాడు. కాళ్లు లోపల ఆనుతున్నప్పుడు వేళ్లకు తెలిసే చిన్న రాపిడి ఉంటుంది చూశారా, దాన్ని బట్టి చెప్పేవాడు. వెంట్రుక మందంలో సగం తేడా ఉన్నా పట్టేసేవాడు. చిన్నప్పుడు నేను దాన్ని మంత్రం అనుకునేవాణ్ని.

కానీ మామకు షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది. వేళ్ల చివర్లు మొద్దుబారుతున్నాయని ఆయన ఎవరికీ చెప్పలేదు. అత్తే కనిపెట్టింది. పొగలు కక్కే చాయ్ గ్లాసును అంచు దగ్గర కాకుండా మధ్యలో పట్టుకుని, ఏమీ కానట్టు కూర్చున్నాడట. అప్పటికే రేషన్ షాపు మిషన్ ఆయన వేలిముద్ర తీసుకోవడం మానేసింది. ఇనుము రుద్దీ రుద్దీ గీతలు అరిగిపోయాయిలే అని నవ్వేసేవాడు. ముద్ర పోవడం వేరు, స్పర్శ పోవడం వేరు. ఆ రెండోది లేత్ పనివాడికి ఏంటో నేను మీకు చెప్పక్కర్లేదు.

ఈ యాసంగి కోతలప్పుడు మానుకోట వైపు నుంచి ఒక హార్వెస్టర్ ఓనరు ఒక గ్లాండ్ పట్టుకొచ్చాడు. (మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉంటుంది, నోట్లో మానుకోటే ఉంటుంది.) మిషన్ ముందున్న కట్టర్‌ని పైకి లేపే హైడ్రాలిక్ సిలిండర్ మూతికి ఉండే ముక్క అది. మధ్యలో 40 మిల్లీమీటర్ల రంధ్రం, అందులోంచి రాడ్ వస్తూ పోతూ ఉంటుంది. ఆయిల్ బయటికి రాకుండా లోపల గాడిలో రబ్బరు సీల్ కూర్చుంటుంది. సీల్ సైజు 40-50-8. బజార్లో దొరుకుతుంది. అప్పటికే మూడు మార్చారు. ఏదీ ఒక పూటకు మించి నిలవలేదు. కట్టర్ లేస్తుంది, కాసేపటికి మెల్లగా వాలిపోతుంది, కింద ఆయిల్ మడుగు.

ఆ గ్లాండ్ కూడా అసలుది కాదు. అంతకుముందు సీజన్‌లో ఇంకెక్కడో చేయించిందట. ఎవరు చేశారన్నది మనకు అనవసరం.

మామ వేలు లోపల పెట్టి గాడి చుట్టూ తిప్పాడు. "గాడి మంచిగనే ఉన్నది, రాడే గీతలు పడ్డదేమో సూడు" అన్నాడు. రాడ్ అద్దంలా ఉంది. నాలుగో సీల్ వేశారు. సాయంత్రానికి ఫోన్. అది కూడా పోయింది. ఆకాశం చూస్తే మబ్బు పట్టి ఉంది. చేతికొచ్చిన వరి నిలబడి ఉండగా అకాల వాన పడితే ఏమవుతుందో ఊళ్లో పుట్టినవాళ్లకు తెలుసు. మిషన్ ఆగితే ఓనరు కిస్తీ ఒక్కటే కాదు ఆగేది, వరసలో పేర్లు రాయించుకున్న రైతులందరూ ఆగుతారు. ఆయన గట్టిగా ఏమీ అనలేదు గానీ, వరంగల్‌లో పెద్ద వర్క్‌షాప్ ఏదైనా ఉందా అని నన్ను పక్కకు పిలిచి అడిగాడు. మామకు వినపడింది.

ఆ రాత్రి నేను అక్కకు వీడియో కాల్ చేశాను. మా పెద్దమ్మ కూతురు. మానుకోటలో పళ్ల డాక్టరు. గ్లాండ్‌ని ఫోన్ ముందు తిప్పి చూపించి విషయం చెప్పాను. "ఇందులో ఏముందిరా? నోట్లో మేము రోజూ చేసే పనే ఇది. లోపల వెడల్పు, బయట ఇరుకు. అండర్‌కట్ అంటాం" అంది. కట్టుడు పళ్లకు, క్యాప్‌లకు కొలత తీసేటప్పుడు వాళ్లు నోట్లో పెట్టే రంగు రంగుల ముద్ద ఉంటుంది కదా, ఆ సిలికాన్. రెండు డబ్బాల్లో వస్తుంది. రెండిట్లోంచీ సమానంగా తీసి పిసికితే కొన్ని నిమిషాల్లో రబ్బరులా గట్టిపడుతుంది. సాగదీసి వదిలితే 99 శాతం పైగా తన ఆకారానికి తానే వచ్చేస్తుంది. అండర్‌కట్ నుంచి చింపకుండా లాగగలగడానికి కారణం అదే.

జనగామ, మానుకోట ఒకే రైలు లైను మీదున్నాయి. మర్నాడు పొద్దున రైల్లో వచ్చే చుట్టాల చేతికిచ్చి డబ్బాలు పంపింది. వెంట ఒక వాయిస్ మెసేజ్. ఫ్రిజ్‌లో పెట్టు, ఈ ఎండకు పిసుకుతుండగానే గట్టిపడుతుంది. ముద్ద ఒక్కటే పెడితే సన్నటి మూలల్లోకి పోదు, ముందు సిరంజితో పల్చటిది ఎక్కించి దాని వెనక ముద్ద పెట్టు. లేటెక్స్ గ్లవ్స్ వేసుకుని మాత్రం ముట్టుకోవద్దు.

ఆ చివరి మాట షాపులో పనిచేసే పిల్లాడి చెవిన పడలేదు. మెడికల్ షాపులో దొరికిన గ్లవ్స్ వేసుకుని శ్రద్ధగా పిసికాడు. పావుగంటైనా ముద్ద జిడ్డుగా జీడిపాకంలా ఉండిపోయింది. లేటెక్స్‌లో ఉండే గంధకం సమ్మేళనాలు ఈ రకం సిలికాన్‌ను గట్టిపడనివ్వవు. దాన్ని గీకి తీసి, థిన్నర్‌తో గాడి కడిగి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఉత్త చేతులతో మళ్లీ కలిపాం. పెరుగు గిన్నె పక్కన పెట్టిన డబ్బాలను చూసి అత్త ఏమందో ఇక్కడ రాయను.

ఇంకో చిక్కు ఉంది. రంధ్రం నిండా ముద్ద కూరితే గట్టిపడ్డాక అది లోపలికి ముడుచుకోవడానికి చోటుండదు. బయటికి రాదు. అందుకని మధ్యలో వాజిలిన్ రాసిన పీవీసీ పైపు ముక్క నిలబెట్టి, చుట్టూ ఉన్న సందులో సిలికాన్ నింపాం. ఇది మామ ఆలోచన. గట్టిపడ్డాక ముందు పైపు లాగేసి, తర్వాత సిలికాన్‌ను లోపలికి మడిచి తీస్తే, టప్పుమని ఒక నీలం గాజు లాంటిది బయటికొచ్చింది. దాని నడుమున గట్టులా గాడి ఆకారం.

అచ్చులో అంతా తిరగేసి ఉంటుంది. గట్టు కనిపిస్తే లోహంలో గుంట ఉన్నట్టు. మామ దాన్ని ట్యూబ్‌లైట్ కిందికి తీసుకెళ్లి, ఒక కన్ను మూసి చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత నాకిచ్చాడు. గట్టు పైభాగం చదునుగా లేదు, ఒకవైపు వాలి ఉంది. ఎత్తుగా ఉన్న వైపు అంచున సన్నటి గీత ఒకటి పైకి లేచి ఉంది. అంటే లోపల గాడి అడుగు ఏటవాలుగా కోశారు, మూలలో టూలు ఇంకాస్త లోతుకు దిగి చారిక పెట్టింది.

ఎంత వాలు? ఇక్కడ నా పని పడింది. సిలికాన్ మెత్తనిది, వెర్నియర్ పెట్టి నొక్కితే నొక్కుకుపోతుంది. అందుకని బ్లేడుతో అడ్డంగా పల్చటి ముక్క కోసి, మామూలు ఆఫీసు స్కానర్ అద్దం మీద పెట్టాను. 1200 డీపీఐలో స్కాన్ చేస్తే ఒక్కో పిక్సెల్ 0.021 మిల్లీమీటర్. స్కానర్ మాట గుడ్డిగా నమ్మకూడదు కాబట్టి, మైక్రోమీటర్‌తో కొలిచిన ఒక లేత్ టూల్ బిట్‌ను పక్కనే పెట్టి స్కేలు సరిచూశాను. అంచులు వెతికి పిక్సెళ్లు లెక్కబెట్టడానికి పైథాన్‌లో ముప్ఫై నలభై లైన్లు. ఆఫీసులో వారాల తరబడి రాసే కోడ్‌తో ఇంత సంతోషం ఎప్పుడూ దొరకలేదు, మా మేనేజర్ ఇది చదవడనే ధైర్యంతో చెప్తున్నా.

అసలు గాడి మీద తీర్పు చెప్పే ముందు మామ ఒక పరీక్ష పెట్టాడు. తుక్కు రాడ్ మీద బయటివైపు 5.00 లోతు గాడి కోసి ఇచ్చాడు. బయటి గాడి కాబట్టి మామూలుగానూ కొలవొచ్చు, అచ్చు తీసీ కొలవొచ్చు. మూడుసార్లు అచ్చు తీశాం. 4.98, 5.01, 5.00. "గట్లయితే నమ్మొచ్చు" అన్నాడు.

గ్లాండ్ గాడి లోతు ఒక అంచున 5.04, రెండో అంచున 5.33. రంధ్రం బోర్ డయల్‌తో 40.06. అంటే గాడి వ్యాసం ఒకవైపు 50.14, ఇంకోవైపు 50.72. సీల్ బయటి సైజు 50. ఒకవైపు బిగుతుగా, ఇంకోవైపు వదులుగా కూర్చుని, రాడ్ కదిలినప్పుడల్లా సీల్ మెలితిరుగుతోంది. సీళ్ల తప్పేం లేదు.

గమనించారా, 50 వ్యాసాన్ని నేను అచ్చు మీద నేరుగా కొలవలేదు. లోతు మాత్రమే అచ్చు నుంచి తీసుకుని, రంధ్రం కొలతకు రెండింతలు కలిపాను. ఎందుకంటే ఈ సిలికాన్ ఎంత మంచిదైనా కొద్దిగా కుంచించుకుపోతుంది. 0.2 శాతం అనుకుందాం. 5 మిల్లీమీటర్ల మీద అది 0.01, పట్టించుకోనక్కర్లేదు. 50 మీద 0.1 అవుతుంది, హైడ్రాలిక్స్‌లో అది చిన్న సంగతి కాదు. చిన్నవాటిని అచ్చుతో, పెద్దవాటిని ఇనుప పరికరంతో కొలవడం మంచిది.

అక్క వాళ్లాయన, మా బావ, భూపాలపల్లిలో ఉంటాడు. థర్మల్ ప్లాంట్ పనులకు వెళ్లే ఫిట్టర్. ఈ కథంతా ఫోన్లో చెబితే, "మేము సీసంతో చేస్తం బావా ఈ పని" అన్నాడు. పెద్ద షాఫ్ట్‌కూ దాని పైన కూర్చునే బేరింగ్ పైచిప్పకూ మధ్య ఎంత సందు ఉందో చూడాలి. బిగించాక లోపలికి ఏదీ దూరదు. బిగించకపోతే సందు అసలుది కాదు. అందుకని షాఫ్ట్ మీద సన్నటి సీసం తీగ పెట్టి, పైచిప్ప వేసి, బోల్టులు పూర్తిగా బిగించి, మళ్లీ విప్పుతారు. తీగ సందు ఎంతుందో అంతకు నలిగి ఉంటుంది. దాన్ని మైక్రోమీటర్‌తో కొలుస్తారు. సీసమే ఎందుకంటే నలిగాక వెనక్కి లేవదు. సిలికాన్‌కు గొప్పగుణమైన స్ప్రింగ్ స్వభావం ఇక్కడ పనికిరాదన్నమాట. ఆవిరి పైపుల లోహం ఎంత ముసలిదైందో చూడ్డానికి కూడా ముద్రే తీస్తారట. పైపును కోసి ల్యాబ్‌కు పంపలేరు కదా. ఒక చోట అద్దంలా పాలిష్ చేసి, ఆమ్లంతో తుడిచి, అసిటోన్‌తో మెత్తబడ్డ పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి, ఆరాక ఊడదీస్తారు. లోహపు రేణువుల గీతలన్నీ ఫిల్మ్ మీద దిగుతాయి. పైపు అక్కడే ఉంటుంది, దాని ముద్ర మైక్రోస్కోప్ కిందికి వెళ్తుంది.

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరు వేరు జిల్లాలయ్యాయి. మా ఇంట్లో మాత్రం ఈ మూడూ ఒక్క వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. ఆ వారమంతా అందులో గుడ్ మార్నింగ్ పూల బదులు గాడుల ఫొటోలే.

విదేశాల్లో తుపాకీ మెకానిక్కులు వాడే ఒక లోహం గురించి కూడా అప్పుడే చదివాను. సెర్రోసేఫ్ అంటారు. బిస్మత్, సీసం, తగరం, కాడ్మియం కలిపిన మిశ్రమం. 71 నుంచి 88 డిగ్రీల మధ్యే కరిగిపోతుంది, అంటే మరిగే నీళ్లకన్నా తక్కువ వేడి చాలు. బిస్మత్ గడ్డకట్టేటప్పుడు నీళ్లలాగే ఉబ్బుతుంది, మిగతావి కుంచించుకుంటాయి. ఈ కొట్లాటలో పోసిన మొదటి అరగంట అచ్చు కాస్త తగ్గుతుంది, గంట దగ్గర సరిగ్గా అచ్చుగుంత సైజుకు వస్తుంది, తర్వాత రోజుల తరబడి మెల్లగా పెరుగుతుంది. కాబట్టి గడియారం చూసుకుని గంటకు కొలుస్తారు. గట్టి లోహం కాబట్టి మైక్రోమీటర్ పెట్టొచ్చు. కానీ మా గాడికి అది పనికిరాదు. అండర్‌కట్‌లో పోస్తే ఇక మళ్లీ కరిగిస్తే తప్ప రాదు. పైగా సీసం, కాడ్మియం. మామ షాపులో అన్నం డబ్బా విప్పేది కూడా అదే బల్ల మీద. వద్దే వద్దన్నాను.

పాత గ్లాండ్ గాడి వాలు సరిచేస్తే సైజు దాటిపోతుంది. అందుకే మామ కొత్త రాడ్ ముక్క చక్‌లో బిగించాడు. రాత్రి పదింటికి మొదలుపెట్టాడు. లోపలి గాడి కోసేటప్పుడు టూలు కనపడదు, చెవితో, చేతితో పని. ఓనరు బయట స్టూల్ మీద కూర్చుని ఫోన్లో వాతావరణం చూస్తున్నాడు. పని అయ్యాక మామ వేలు గాడిలో పెట్టి తిప్పాడు, అలవాటు కొద్దీ. తర్వాత వేలు తీసి దాని వంక చూసుకున్నాడు. "అచ్చు తియ్యిరా అల్లుడూ" అన్నాడు.

తన పనికి తానే అచ్చు తీయించుకోవడం ఆయనకు అది మొదటిసారి. స్కానర్ శబ్దం చేస్తున్నంతసేపూ పిల్లాడితో సహా ఎవరం మాట్లాడలేదు. 5.01, రెండో అంచున 5.02. నేను నంబర్లు చదివాను. ఆయన ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. "చేతులు పోయినయేమో అనుకున్న" అన్నాడు. ఆ మాట నాతో అన్నట్టు లేదు. చేతులు కడుక్కోవడానికి వెళ్లి, వెంటనే రాలేదు.

ఆ గ్లాండ్ ఆ సీజన్ అంతా నడిచింది. వాన మాత్రం రెండు రోజుల తర్వాత పడనే పడింది. అప్పటికి వరసలో ఉన్నవాళ్లలో కొందరివి కోసేశారు, కొందరివి కోయలేదు.

ఇప్పుడు షాపులో కూలింగ్ ఆయిల్ డబ్బా పక్కన ఒక మిఠాయి డబ్బా ఉంది. అందులో నీలం సిలికాన్ ముక్కలు, ఒక్కోదానికి కాగితం చుట్టి, మీద బాల్‌పెన్నుతో కొలత, తేదీ. ఇన్‌సైడ్ కాలిపర్ మేకుకు వేలాడుతూనే ఉంది. పెద్ద కొలతలకు మామ ఇప్పటికీ దాన్నే తీస్తాడు.

మొన్న ఒక రైస్ మిల్లు వాళ్లు గేర్‌బాక్స్ కప్లింగ్ తెచ్చారట. లోపల చుట్టూ స్ప్లైన్ పళ్లు, సగం అరిగి, సగం విరిగి. మామ నాకు ఫోన్ చేశాడు.

"అక్కకు చెప్పి ఇంకో డబ్బా పంపియ్యమను. ఈసారి నిజంగనే పళ్లు తెచ్చిండ్రు."